ముందర స్ప్రింగులు గల పాత సైకిలును పరీక్షించు విధము

ఈ మధ్య కొత్తూరు, తిమ్మాపూరు, శంషాబాదు ప్రాంతముల సభ్యులు మమ్ము తఱచుగా నొక ప్రశ్న యడుగుచున్నారు. "ముందర స్ప్రింగులు గల గేరు సైకిలు పాతదొకటి రెండువేలకు వచ్చుచున్నది. పిల్లవాడు కాలేజీకి పోవుటకు కొనవచ్చునా?" యని. సైకిలును చూడక కొనుమనుటయు వలదనుటయు రెండును తప్పే. కావున కొనబోవువారు తామే పరీక్షించుకొనుటకు వలయు విషయములను ఇచట వివరించుచున్నాము. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, కాడి క్రింద కట్టి చూచి కాని రూకలీయని మన రైతులు, సైకిలు విషయమున మాత్రము రంగును చూచి మోసపోవుచుండుట మాకు వింతగా తోచుచున్నది.

ఇట్టి సైకిళ్ళు మన వైపునకు వచ్చుటకు కారణము లేకపోలేదు. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెఱవబడిన పిదప ఈ ప్రాంతమున క్రొత్త యిండ్లును మేడలును విస్తారముగా లేచినవి. నగరవాసులు తమ పిల్లల కొఱకు వెనుక ముచ్చటపడి కొన్న సైకిళ్ళు, ఆ పిల్లలు పెద్దవారైన పిదప, మేడల క్రింద దుమ్ము కొట్టుకొని యేండ్ల తరబడి పడియుండును. ఇల్లు మాఱునపుడు వానిని వచ్చిన వెలకు వదలించుకొందురు. కొన్ని ఫోనులలోని ప్రకటనల మూలమునను, కొన్ని హైదరాబాదు జుమేరాత్ బజారు వంటి పాత సామానుల సంతల మూలమునను మన చేతికి వచ్చుచున్నవి. చౌక యనుట నిజమే. అయితే పదియిరువదేండ్లు కదలక పడియున్న యంత్రము నిత్యము తిరుగు యంత్రము కంటె ఎక్కువ చెడియుండునని మఱవరాదు.

ఈ సైకిలు పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మారిన్ అను కొండసీమలో 1970 దశాబ్దియందు కొందఱు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళపై కొండదారులు దిగుచు పందెములు వేసికొనెడివారు. కొండ సైకిలు అందుండి పుట్టినది. 1989లో పాల్ టర్నరు అనునతడు రాక్‌షాక్స్ అను పేర గాలి, నూనెలతో పనిచేయు ముందర ఫోర్కును అమ్మకమునకు తెచ్చెను. మరుసటి యేడు డురాంగోలో జరిగిన మొదటి ప్రపంచ పోటీలలో దానితో పందెము గెలుచుటచే అది లోకమంతట ప్రసిద్ధి చెందెను. పిమ్మట అన్ని దేశములవారును ఆ యాకారమును అనుకరించిరి. కాని అనుకరించినవానిలో చాలవాటి లోపల నూనెయు లేదు, గాలియు లేదు. ఒక యినుప స్ప్రింగో, రబ్బరు వంటి ముద్దలో మాత్రమే యుండును. మన యంగళ్ళలో దొరకు పాతవి హెచ్చు భాగ మీ జాతివే. మా యభిప్రాయమున మన బండ్ల బాటలకు లావు టైరును మామూలు ఫోర్కును చాలును. స్ప్రింగు ఫోర్కు లేకున్న నష్టము లేదు. అయినను సైకిలుతో బాటు అది వచ్చుచున్నది గనుక, దానినే మొదట పరీక్షింపవలెను. గొలుసు తెగిన నడచి యిల్లు చేరవచ్చును. ఫోర్కు విఱిగిన మనుష్యుడు ముఖము మీద పడును.

రెండేండ్ల క్రిందట మా సభ్యులలో నొకరు తమ కుమారునికి ఇట్టి సైకిలొకటి కొనిరి. చూపునకు క్రొత్తదివలె నుండెను. మూడవ నెలలో ఆ బాలుడు పల్లమున దిగుచు ముందు బ్రేకు పట్టగా, హ్యాండిలు క్రిందనున్న గొట్టము ఫోర్కుతో కలియు చోట విఱిగి, అతనికి రెండు పండ్లూడి భుజపుటెముక చిట్లినది. విఱిగిన ముక్కను మేము చూచితిమి. విఱుపులో సగము నల్లగా త్రుప్పు పట్టియుండెను, తక్కిన సగము తెల్లగా మెఱయుచుండెను. అనగా కొన్ననాటికే ఆ నెఱ్ఱె సగము వఱకు పోయియున్నదన్నమాట. ఫ్రేము క్రింది గొట్టమును త్రిప్పి చూడగా, తలగొట్టమునకు రెండంగుళముల వెనుక, అడుగు వైపున రంగు ముడుతలు పడియుండెను. ఆ సైకిలు పూర్వమెప్పుడో దేనినో ఢీకొన్నదనుటకు అదియే సాక్ష్యము. కొనువారెవ్వరును వంగి ఆ యడుగు భాగమును చూడరు. పరదేశములందును ఇట్టి ప్రమాదములు జరుగకపోలేదు. చౌక ఫోర్కులు ఊడి మనుష్యులు పడుచున్నారని 2000 సంవత్సరమున అమెరికాలో లక్షకు పైగా సైకిళ్ళను తయారుచేసినవారే వెనుకకు పిలిపించవలసి వచ్చినది.

కనుక మొదట సైకిలును తలక్రిందులుగా నిలిపి, పగటి వెలుతురులో, గుడ్డతో తుడిచి చూడుడు. తలగొట్టము వెనుక రెండు గొట్టముల యడుగును వ్రేలితో తడవుడు. ముడుత గాని, ఉబ్బు గాని, జుట్టు వంటి గీత గాని తగిలిన యెడల ఆ బేరము నంతటితో విడువవలెను. వెల తగ్గించెదనన్నను వినరాదు. తరువాత ప్రక్కనుండి చూడవలెను. స్ప్రింగు ఫోర్కు కాళ్ళు సాధారణముగా తిన్ననివి. అవి తలగొట్టముతో ఒకే వాలున నుండవలెను. కాళ్ళు వెనుకకు వంగి ముందు చక్రము క్రింది గొట్టమునకు మిక్కిలి చేరువైన యెడల అది దెబ్బ తిన్న ఫోర్కే.

పిమ్మట సైకిలును నేలపై నిలిపి, ముందు బ్రేకును గట్టిగా పట్టి హ్యాండిలును ముందునకు వెనుకకు ఊపుడు. లోన ఏదో టకటక లాడును. అది ఎచటనుండి వచ్చుచున్నదో తెలిసికొనుటయే నేర్పు. తలగొట్టపు కప్పుల చెంత వ్రేలు పెట్టుడు. కదలిక యచట నున్న గుండ్లు, కప్పులు మార్చిన సరిపోవును, ఖర్చు స్వల్పము. కదలిక ఫోర్కు పై కాలు క్రింది కాలిలో దూఱు చోట నున్న యెడల లోపలి పొరలు అఱిగినవని యర్థము. పాత ఫోర్కులకు ఆ పొరలు దొరకుట దుర్లభము. తరువాత రెండు చేతులతో బరువు మోపి హ్యాండిలును నొక్కుడు. నునుపుగా దిగి నునుపుగా లేవవలెను. అసలే దిగకున్న త్రుప్పు పట్టి బిగిసినది, లేదా లోని రబ్బరు ముద్దలు వయసుచే ఱాయివలె గట్టిపడినవి. దిగి లేవకున్న ఆ ముద్దలు కరగి జిగురైనవి. పై కాళ్ళ నిగనిగలాడు భాగమును గోటితో గీచి చూడుడు. త్రుప్పు గుంటలు తగిలిన, అవి లోని పొరలను ఆకురాయివలె తినివేయును. ఫోర్కు తలను గొట్టమును చూచుటకు దానిని విప్పుటయే మేలు. తెలిసిన మిస్త్రీకి అది కొద్దిసేపటి పని. కూలి కొంత యిచ్చియైన విప్పించి చూచుకొనుడు. అమ్మువాడు విప్పనీయకున్న కొనవలదు.

ఫ్రేము ఇనుమో, అల్యూమినియమో తెలిసికొనుటకు చిన్న అయస్కాంతము చాలును. అంటుకొనిన ఇనుము, దానికి పగులు వచ్చిన వెల్డింగు పనివాడు అతుకవచ్చును. అంటుకొనని ఫ్రేమునకు అతుకు కనబడిన నమ్మరాదు. అల్యూమినియమును అతికిన పిదప వేడిచే దాని బలము తగ్గును; మరల బలము తెచ్చు సాధనములు మన యూరి దుకాణములలో నుండవు. సీటు గొట్టము పైకి క్రిందికి కదలుచున్నదో లేదో కూడ చూడవలెను. అది త్రుప్పుతో అతుకుకొని పోయినచో సీటు ఎత్తు మార్చుట కుదరక, పెరుగు పిల్లవానికి ఆ సైకిలు వ్యర్థము.

చక్రములను త్రిప్పి బెండు చూచుట అందఱకును తెలిసినదే. కాని టైరు కొలతను చదువుట చాలమందికి తెలియదు, దానివలన నష్టపోవుచున్నారు. పాత కొండ సైకిళ్ళ టైరుపై 26 × 1.95 అని చుక్కతో నుండును. రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. 26 × 1⅜ అని భిన్నముగా వ్రాసిన టైరు 590 మిల్లీమీటర్ల రిమ్మునకు చేరినది. రెండును ఇరువదియాఱే యని యెంచి తెచ్చిన టైరు ఎక్కదు. మనము చిరకాలముగా తొక్కు పెద్ద సైకిలు టైరు 28 × 1½ వేఱొకటి; దాని రిమ్ము 635. బ్రేకు రబ్బరు ఒఱసికొను రిమ్ము ప్రక్క లోపలికి గుంటపడి పలుచనైన యెడల ఆ రిమ్ము కూడ మార్చవలసినదే.

గొలుసును కొలబద్దతో కొలువుడు. ఇరువదినాలుగు చిన్న లింకులు సరిగా 12 అంగుళములుండవలెను. అంగుళములో ఎనిమిదవ వంతు సాగియున్నచో గొలుసుతో బాటు వెనుక పండ్ల చక్రములును అఱిగినవి. క్రొత్త గొలుసు మాత్రము వేసిన అది పాత పండ్లపై జాఱును. రెండింటి ఖర్చును వెలలో తగ్గింపవలెను. గేర్లు పడుట, పెడళ్ళు ఊగుట మొదలగునవి తొక్కి చూచిన తెలియును.

పాలబిందెలు మోయు సభ్యులకు ఒక మాట. స్ప్రింగు ఫోర్కుపై, హ్యాండిలుపై బరువు వ్రేలాడగట్టరాదు. బ్రేకు పట్టినపుడు ముందు భాగము దిగి, పాలతో బాటు మనుష్యుని కూడ ముందునకు త్రోయును. వెనుక క్యారియరునకు ఈ ఫ్రేములలో తఱచు రంధ్రములుండవు. పట్టీలతో బిగించిన క్యారియరు ఇరువది కిలోలకు మించి నమ్మదగినది కాదు. పాలకు మన పాత నల్ల సైకిలే శ్రేయము. స్ప్రింగు ఫోర్కు తీసి మామూలు ఫోర్కు వేయదలచినవారు పొడవు సరిచూచుకొనవలెను. పొట్టిది వేసిన ముందు భాగము క్రుంగి, హ్యాండిలు నిలువక తడబడును.

వెల కట్టు విధ మిది. ఫోర్కును ఫ్రేమును మంచివని తేలిన పిదప, టైర్లు, గొలుసు, బ్రేకు రబ్బర్లు, తీగలు వేయుటకు కొత్తూరులోని దుకాణదారు నడిగి ఖర్చు వ్రాసికొనుడు. ఉదాహరణమునకు అది 1,800 రూపాయలైన, రెండువేల సైకిలు మీకు 3,800 పడును. ఆ మొత్తమునకు క్రొత్త మామూలు సైకిలు ఎంత దూరమున నున్నదో విచారించుకొని బేరమాడుడు.

చివరకు, పెడళ్ళ నడుమనున్న గొట్టము అడుగున గాని తలగొట్టముపై గాని సాధారణముగా చెక్కియుండు సంఖ్యను వ్రాసికొని, అమ్మువాని పేరును ఫోను సంఖ్యయు గల రసీదు తీసికొనవలెను. సంఖ్యను ఆకురాయితో గీచివేసియున్న సైకిలును ముట్టరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ విధి ననుసరించి, దొంగసొత్తని తెలిసియు, లేక నమ్ముటకు తగిన కారణముండియు, దురుద్దేశముతో తీసికొనుట నేరము. రసీదు ఈయనన్న యమ్మకదారుని చెంత సైకిలు ఎంత చక్కనిదైనను వదలి రావలసినదే.