ఇసుక పెరట్లో కోడి మేత

మన ఊళ్లో కోడికి నాలుగు గింజలు చల్లితే చాలు. పురుగులు, చెదలు, నత్తగుల్లలు అదే ఏరుకు తింటుంది. ఇక్కడ యూఏఈలో, విల్లా వెనక ఇసుక పెరట్లో అవెక్కడివి? నూకలు, మిగిలిన అన్నం పెడితే కడుపు నిండుతుంది, అంతే. ఒక్క గుడ్డు పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. మేతలో అందకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది.

గుడ్లు పెట్టే పెట్టకి రోజుకి 100-120 గ్రాముల లేయర్ మేత కావాలి. అందులో 16-18 శాతం ప్రోటీన్ ఉండాలి. కానీ 45 డిగ్రీల ఎండలో అది సరిగా తినదు. అందుకే తెల్లవారుజామున ఒకసారి, పొద్దువాలాక ఒకసారి మేత వెయ్యండి. పెంకు ఎక్కువగా రాత్రిపూటే కట్టుకుంటుంది కాబట్టి సాయంత్రం ఆల్చిప్పల పలుకులు విడిగా ఒక గిన్నెలో పెట్టండి. ఎంత కావాలో అంతే తింటుంది. నీడలో చల్లటి నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. దాహంతో ఉన్న కోడి మేత ముట్టదు.