చారిత్రక ప్రణయగాథలలో బిగువు, నడక, పాత్రల మార్పు



గత సంవత్సరము ఒకనాటి మధ్యాహ్నము, తొమ్మిదవ తరగతి గదిలో ఒక బాలిక బల్లక్రింద సెల్‌ఫోను దాచుకొని చదువుచుండగా నా కంటబడినది. నియమము ప్రకారము దానిని తీసికొంటిని. సాయంకాలము తిరిగి ఇచ్చునపుడు, ఏమి చదువుచుంటివని అడిగితిని. హోసూరులో పనిచేయు వాళ్లక్క చైనావారి అంతఃపుర నాటకమొకటి చూచుచుండగా తానును చూచినదట. ఆ రుచితో అటువంటి రాజులకాలపు కథలను తెలుగులో వెదకి చదువుచున్నదట. చెప్పవలసినది చెప్పి, తల వంచుకొని ఆమె నన్నొక ప్రశ్న అడిగినది. "సార్, మొదట్లో అంత మంచిగా ఉండిన పిల్ల చివరికి అట్ల గుండె రాయి చేసుకునిందే, రాసినవాళ్లు ముందు రాసింది మరచిపోయినారా?"

మందలింపవలెనని నోరు తెరచిన నాకు మాట రాలేదు. పండిత శిక్షణకై తిరుపతిలో నుండిన దినములలో మా గురువులు మమ్ము అడిగిన ప్రశ్నయు ఇంచుమించు ఇదియే. దానికి ఆనాడు తరగతిలో చెప్పలేకపోయిన సమాధానమును మీకందరకును ఇక్కడ వ్రాయుచున్నాను.

వ్రాయుటకు మరియొక కారణమును కలదు. మన బాగలూరు సీమలో ఇంట తెలుగు, సంతలో తమిళమును కన్నడమును, కర్మాగారమున ఆంగ్లము వినబడును. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన నాటినుండి, బడిలో తెలుగు పుస్తకమునకు ఎంత చోటు మిగులునోయని మన తల్లిదండ్రులకు దిగులు కలదు. అట్టి తరుణమున ఒక బాలిక ఎవరును చెప్పకయే, పరీక్ష కొరకు కాక, తెలుగున పుటలకొలది చదువుచున్నదన్నచో దానిని తేలికగా త్రోసివేయరాదు. అయితే చదువునది తెలిసి చదువవలెను. కథ మనలను ఎట్లు పట్టుకొనుచున్నదో తెలిసినవాడే, విడువవలసిన చోట దానిని విడువగలడు.

కథను పట్టి నిలుపునవి మూడు: బిగువు, నడక, పాత్రల మార్పు.

మొదటిది బిగువు. ఏమగునోయను ఆత్రమే బిగువని మనమనుకొందుము. కాని చరిత్ర కథలో చివరకేమగునో చదువరికి ముందే తెలియును. రుద్రమదేవి ఓరుగల్లు సింహాసనము నెక్కునా లేదా యని ఎవరికిని సందేహము లేదు. ఆమె 1262 నుండి 1289 వరకు ఏలినట్లు చరిత్ర పుస్తకమే చెప్పుచున్నది. మరి అడివి బాపిరాజుగారి "గోన గన్నారెడ్డి" నవలను ఊపిరి బిగబట్టి చదువుటకు కారణమేమి?

ఆ నవల పెండ్లిపందిరిలో మొదలగును. ఆదవోని రాజకుమారి అన్నాంబికకును వరదారెడ్డికిని వివాహము జరుగుచుండగా, గజదొంగయని పేరుపడిన గన్నారెడ్డి వచ్చి పెండ్లికుమారుని ఎత్తుకొనిపోవును. మన కథలలో కన్యను ఎత్తుకొనిపోవుట కలదు గాని వరుని ఎత్తుకొనిపోవుట అరుదు. ఇతడు దొంగయా, దొరయా? రాజ్యమునకు శత్రువా, మిత్రమా? ఈ సందేహమే చదువరిని లాగుకొనిపోవును. రాజ్యము నిలుచునని తెలిసినను, దానిని నిలుపుటకు ఎవరు ఏమి పోగొట్టుకొందురో తెలియదు. చరిత్ర చెప్పనిచోట కవి బిగువును కూర్చును. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనమున గోన గన్నయరెడ్డి పేరు కానవచ్చును. అది చరిత్ర. అన్నాంబిక గుండెలోని మాట బాపిరాజుగారిది. ఈ రెంటిని వేరుచేసి చూచుట మీరు నేర్వవలసిన మొదటి పాఠము.

చైనావారు ఈ మర్మమును మరియొక విధముగా వాడిరి. టోంగ్ హువా అను రచయిత్రి 2005లో "బూ బూ జింగ్ షిన్" అను నవలను జిన్‌జియాంగ్ అను అంతర్జాల వేదికపై భాగములుగా ప్రకటింపసాగెను. అడుగడుగున గుండెదడ యని దాని పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. నేటికాలపు యువతి యొకతె ప్రమాదమున స్పృహతప్పి, కాంగ్‌షీ చక్రవర్తి కాలమున వేరొక కన్య దేహములో మేల్కొనును. రాజపుత్రులలో నాల్గవవాడు 1722లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి యగునని ఆమె చదివియున్నది. ఆమె మొదట ప్రేమించినది ఎనిమిదవ రాజపుత్రుని. అతడు ఓడిపోవునని తెలిసి, నాల్గవవానియెడ జాగ్రత్తయని చెప్పును. ఆ హెచ్చరికయే పగను రేపి, ఆమెకు ప్రాణస్నేహితుడైన పదుమూడవ రాజపుత్రుడు పదియేండ్లు బందీ యగుటకు కారణమగును. ముందు తెలియుట వలన కీడు తప్పలేదు సరిగదా, తెలిసినదానివలననే కీడు వచ్చినది. బిగువనగా ఇది. పాత్ర మంచికై చేసిన పనియే మెడకు ఉరియగునపుడు, కత్తులు దూయకున్నను కథ బిగియును.

ఇక రెండవది నడక. బండి తోలువాడు ఎత్తున ఎడ్లను అదలించి, దిగువలో పగ్గము బిగించును. కథ చెప్పువాడును అంతే. మన హరికథకుడు కథ మంచి పట్టులోనుండగా ఆపి, ఒక పిట్టకథ నెత్తుకొనును. జనము నవ్వును, సేదదీరును. కాని వారి మనస్సు ఆగిన చోటనే యుండును. మంచి పిట్టకథకు లక్షణమేమనగా, అది ముగియునప్పటికి అసలు కథపై ఒక క్రొత్త వెలుగు పడవలెను.

ఒకేమారు చదువు గ్రంథమునకును, భాగములుగా వచ్చు ధారావాహికకును నడకలో భేదము కలదు. ధారావాహిక ప్రతి భాగమున కొంత ఇచ్చి కొంత దాచవలెను. 1947లో మదరాసున వెలసిన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యముగారి "తోకచుక్క" వంటి ధారావాహికలకై నెలనెలా ఎదురుచూచిన పిల్లలు నేడు తాతలును అవ్వలునైరి. ఆనాడు ఎదురుచూపు నెలనాళ్లు. చైనా అంతర్జాల రచయితకు గడువు ఒక్క దినమే. దినమునకు రెండు మూడు వేల అక్షరముల అధ్యాయము పెట్టవలెను, మానినచో చదువరులు జారిపోవుదురు. చిదియన్ అను వేదిక 2003 నుండి చదువరులవద్ద వేయి అక్షరముల లెక్కన రుసుము తీసికొనుట మొదలిడెను. బెంగళూరున 2014లో స్థాపింపబడిన ప్రతిలిపి వంటి వేదికలపై మన తెలుగువారును భాగములుగా వ్రాయుచున్నారు.

అక్షరముల లెక్కన పైకము వచ్చునపుడు ఏమగునో మీరే ఊహింపుడు. లీటరు లెక్కన పాలు పోయువానికి ఏ బుద్ధి పుట్టునో ఆ బుద్ధియే పుట్టును! చైనా చదువరులు ఇట్టి సాగతీతను నీళ్లు కలుపుట యనియే వెక్కిరింతురట. దూరదేశమైనను మనుష్యుల అనుభవము ఒక్కటియే. ఒకే అపార్థము మూడుమారులు జరుగుట, తలుపు తట్టినదెవరో చెప్పుటకు రెండు భాగములు పట్టుట, ఒక్క మాట చెప్పినచో తీరిపోవు తగవును ఏబది భాగములు సాగదీయుట, ఇవన్నియు నీళ్లే. కనిపెట్టుటకు సులువైన ఉపాయము గలదు. ఒక భాగమును విడిచి తరువాతి భాగమును చదివిచూడుడు. ఏ లోటును తోపకున్నచో అది నీళ్లు. అడుగడుగున వెనుకకు పోవలసివచ్చినచో అది చిక్కని పాలు. భాగము చివరనుండు ఆకస్మిక మలుపును కూడ ఇట్లే పరీక్షింపవలెను. ఆ మలుపు ముందు జరిగినదానినుండి పుట్టినదా, మన వ్రేలు తరువాతి పుటపై పడుటకై తెచ్చిపెట్టినదా?

మూడవది, మన బాలిక అడిగినది, పాత్రల మార్పు. ఆమె చూచిన నాటకము "జెన్ హువాన్ చరిత్ర". లియు లియెన్‌జి అను రచయిత్రి 2006 నుండి అంతర్జాలమున వ్రాసిన నవలకు రూపాంతరముగా 2011లో 76 భాగములుగా వెలువడినది. జెన్ హువాన్ రాజు తన్ను ఎన్నుకొనకుండుగాక యని కోరుకొనుచు అంతఃపురమున అడుగిడిన కన్య. రాజు ఆమెనే ఎన్నుకొనును. ఆమె నమ్మి ప్రేమించును. సవతుల క్రౌర్యమున కడుపులోని బిడ్డ పోవును. చెలిమి చేసినవారిలో ఒకతె ద్రోహము చేయును. చనిపోయిన పూర్వపు రాణి పోలికలు తనలో నుండుటచేతనే రాజు తన్ను ఆదరించెనని తుదకు తెలియును. ఆ మాట తెలిసిననాడు ఆమె అంతఃపురమును విడిచి మఠమునకు పోవును. మరల వచ్చునపుడు తన కడుపులోని బిడ్డను, తన పుట్టింటివారిని కాపాడుకొనుటకై వచ్చును.

విద్యార్థులారా, మెట్లు చూచితిరా? భయము, నమ్మకము, నష్టము, తెలివిడి, తిరిగిరాక. ఏ మెట్టును దాటి మరియొక దానికి పోలేదు. తనవారిపై ఆమెకుగల ప్రేమ మొదట ఎంతయో చివరనంతే. ఆ ప్రేమను నిలుపుకొనుటకు ఆమెకు గల దారులు ఒక్కొక్కటిగా మూసికొనిపోయినవి. కావున, అమ్మాయీ, వ్రాసినవారు మరచిపోలేదు. మొదటి భాగములోని మంచితనము నీకు జ్ఞాపకముండవలెననియే చివరి భాగమును అట్లు వ్రాసిరి. నీకు కలిగిన బాధయే వారికి దక్కిన ఫలము.

కఠినులగుటయే మార్పు కాదు. బాపిరాజుగారి "హిమబిందు" శాతవాహనుల కాలపు కథ. అందు స్థౌలతిష్యుడు పగ తీర్చుకొనుటకై విషబాలను పెంచును. ఆమె స్పర్శయే మృత్యువు. యువరాజును చంపుటకు వచ్చిన ఆ బాలలో ప్రేమ మొలకెత్తును. దగ్గరకు పోయినచో అతడు మరణించును, దూరమైనచో తాను బ్రదుకలేదు. ఇక్కడ పాత్ర మారుటయు కథ బిగియుటయు ఒక్కటైపోయినవి. ఆయుధముగా పెంచబడిన పిల్ల మనిషిగా మేల్కొనుట ఎంత చల్లని మార్పు!

మన ప్రాచీనులును దీనినెరుగుదురు. పదునారవ శతాబ్దమునాటి పింగళి సూరన "కళాపూర్ణోదయము"లో శాలీనుడు, సుగాత్రి అను దంపతులు కలరు. తల్లి ఎన్ని నగలతో అలంకరించి పంపినను సుగాత్రిపై శాలీనునికి మనస్సు కలుగదు. ఒకనాడు వాన కురియుచుండగా ఆమె నగలు తీసివైచి, తోటపనిలో అతనికి తోడు వచ్చును. అలసి, తడిసి, తనతో కష్టపడుచున్న భార్యను చూచి అతని మనస్సు మారును. ఒక్క ఉపన్యాసము లేదు, ఒక్క ప్రమాణము లేదు. పని మార్చినది.

ఇందుండి మీరు, ముఖ్యముగా బాలికలు, గ్రహింపవలసినది ఒకటి గలదు. నేటి ప్రణయగాథలు పెక్కింట నాయకుడు నాయికను అవమానించును, నిర్బంధించును, ఏడిపించును. చివరి భాగమున ఒక్క కన్నీటిబొట్టు రాల్చగానే అన్నియు క్షమింపబడును. దీనిని మార్పని రచయిత చెప్పినను మీరు ఒప్పుకొనకుడు. మారినవాడు తన కొక నష్టమును ఓర్చుకొని, చేసిన తప్పును దిద్దుకొనవలెను. అది కథలో కానరానిచో అతడు మారలేదు, కథ ముగిసినదంతే. కథలో దీనిని గుర్తింపనేర్చిన కన్య ఇంటను వీధిని కూడ గుర్తింపగలదు. సాహిత్యపాఠము పరీక్ష గదిని దాటి పనికివచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనము వేరేల?

ఇక చదువుటతో ఆగవద్దు. మన బాగలూరు పాళెగాండ్రేలిన ఊరు. మీ అవ్వలవద్ద ఆనాటి కథలు ఎన్నియో కలవు. ఒక కథను తీసికొని మూడు భాగములుగా వ్రాయుడు. మొదటి భాగమున మీ పాత్రకు ఏది ప్రియమో చూపుడు. రెండవ భాగమున దానిని కాపాడుకొనుటకు అది చేసిన పనియే దానికి చిక్కు తెచ్చునట్లు చేయుడు. మూడవ భాగమున అది మారవలెను, కాని మొదటి భాగము చదివినవాడు అవును, ఇది ఆ పిల్లయే యని గుర్తింపవలెను. పుటలు పెంచుటకు నీళ్లు కలుపవద్దు. మీ ఇంటిలో మాటలాడు తెలుగులోనే పాత్రలచేత మాటలాడింపుడు, సిగ్గుపడవలదు.

ఆ బాలిక తన మొదటి భాగమును నోటు పుస్తకమున వ్రాసి నాకు తెచ్చి ఇచ్చినది. బావిగట్టున నీరు తోడుచున్న కన్యకు కోటపై నగారా మ్రోత వినబడుటతో అది ఆగినది. తరువాత ఏమాయెనని అడిగితిని. "వచ్చే వారం చెప్తాను సార్" అని నవ్వి పోయినది. విద్య అబ్బినదని నాకప్పుడు తెలిసినది.