తీర్పు వచ్చేసరికి ముగిసిన ఆట

మహమ్మద్ అజారుద్దీన్‌పై భారత క్రికెట్ కంట్రోల్ బోర్డు విధించిన జీవితకాల నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరు 8న తీర్పు చెప్పింది. ఆనాటికి ఆ హైదరాబాద్ ఆటగాని వయస్సు 49 సంవత్సరాలు. నిషేధం విధించిన నాటికి ఆయనకు 37 ఏళ్ళు. 99 టెస్టులు ఆడి నూరవ టెస్టు ముంగిట నిలిచి ఉన్నారు. బోర్డు నిర్ణయం చెల్లదని తేల్చిన న్యాయస్థానమైనా ఆ నూరవ టెస్టును ఇప్పించలేకపోయింది.

పందెపు సొమ్ముకు ఆశపడ్డారన్న అభియోగంపై ఆటగాళ్ళను మైదానం నుంచి వెళ్ళగొట్టడం, వారు కోర్టులకెక్కడం ఉపఖండంలో పాతికేళ్ళుగా చూస్తున్నదే. దోషి ఎవరు, నిర్దోషి ఎవరు అన్న చర్చ ఎంతో జరిగింది. ఆడే అర్హతపై వివాదం ఎన్నేళ్ళలో తేలాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టలేదు.

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు బెదిరింపు వసూళ్ళ కేసు ఒకదానిని దర్యాప్తు చేస్తూ టెలిఫోన్ సంభాషణలు వింటుండగా దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రానియే గొంతు వినిపించిన సంగతి పాఠకులకు విదితమే. బుకీల నుంచి డబ్బు తీసుకున్నట్లు క్రానియే తమ దేశంలోని కింగ్ కమిషన్ ఎదుట ఒప్పుకున్నారు. మన దేశంలో సి.బి.ఐ. విచారణ, ఆపై బోర్డు నియమించిన మాధవన్ నివేదిక వెలువడ్డాయి. 2000 డిసెంబరులో అజారుద్దీన్, అజయ్ శర్మలను జీవితాంతం, అజయ్ జడేజా, మనోజ్ ప్రభాకర్‌లను ఐదేళ్ళపాటు బోర్డు నిషేధించింది.

అజారుద్దీన్ హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టును ఆశ్రయించి 2003లో ఓడిపోయారు. హైకోర్టులో అప్పీలు తేలడానికి మరో తొమ్మిదేళ్ళు పట్టింది. ఈలోగా ఆయన మొరాదాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు కూడా. రంజీ ఆడేందుకు పనికిరాని వ్యక్తి పార్లమెంటుకు పనికివచ్చారన్నమాట! జడేజాకు 2003 జనవరిలోనే ఢిల్లీ హైకోర్టులో ఊరట లభించింది. ఆయన దేశవాళీ పోటీల్లో మళ్ళీ ఆడారు గాని భారత జట్టులోకి తిరిగి రాలేదు. అందరికన్నా ఆలస్యంగా బయటపడింది అజయ్ శర్మ. ఫస్ట్ క్లాస్ పోటీల్లో పదివేలకు పైగా పరుగులు, 67కు మించిన సగటు సాధించి ఒకే ఒక్క టెస్టు ఆడిన ఆ ఢిల్లీ బ్యాట్స్‌మన్‌కు 2014లో కోర్టు విముక్తి ప్రసాదించింది. అప్పటికి ఆయన ఏభయ్యో పడిలో పడ్డారు.

బోర్డు వాదనను పూర్తిగా తోసిపుచ్చలేము. క్రిమినల్ కోర్టు శిక్షించేవరకు ఆగవలసి వస్తే ఏ ఆటగాడినీ ఎన్నటికీ శిక్షించలేరు. మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరంగా పేర్కొన్న చట్టం మన దేశంలో లేకపోవడమే ఇందుకు కారణం. 2019లో వెలుగుచూసిన కర్ణాటక ప్రీమియర్ లీగ్ వ్యవహారంలో పోలీసులు మోసం సెక్షన్ కింద కేసులు పెట్టగా, 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు వాటిని కొట్టివేసింది. ప్రేక్షకులు టిక్కెట్లు స్వచ్ఛందంగా కొంటారు కనుక వారిని ప్రలోభపెట్టి సొమ్ము రాబట్టినట్లు కాదని, ఆటగాడిపై క్రమశిక్షణ చర్య బోర్డు చూసుకోవలసిన విషయమని న్యాయస్థానం అభిప్రాయపడింది.

శ్రీశాంత్ ఉదంతంలో ఈ రెండు కొలబద్దల తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2013 మే నెలలో రాజస్థాన్ రాయల్స్‌కు చెందిన శ్రీశాంత్, అంకిత్ చవాన్, అజిత్ చండీలాలను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. నడుముకు తువ్వాలు దోపుకోవడం బుకీలకు సంకేతమని, ఒక ఓవరులో కనీసం 14 పరుగులు ఇచ్చేందుకు శ్రీశాంత్ ఒప్పుకున్నారని అభియోగం. ఆ ఓవరులో ఆయన ఇచ్చినవి 13. మ్యాచ్ గెలుపోటములతో నిమిత్తం లేకుండా ఒక్క ఓవరుపై పందెం కాసే రోజులివి. వ్యవస్థీకృత నేరాల చట్టం వర్తించదంటూ 2015 జులైలో ఢిల్లీ సెషన్స్ కోర్టు నిందితులందరిపై అభియోగాలను తొలగించింది. అయినా బోర్డు జీవితకాల నిషేధాన్ని ఎత్తివేయలేదు. 2017లో కేరళ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దానిని రద్దు చేయగా, రెండు నెలలకే డివిజన్ బెంచి పునరుద్ధరించింది. 2019 మార్చిలో సుప్రీం కోర్టు బోర్డు విచారణను సమర్థిస్తూనే, జీవితకాల శిక్షపై పునరాలోచించాలని ఆదేశించింది. చివరకు శిక్ష ఏడేళ్ళకు తగ్గింది. 2021 జనవరిలో కేరళ తరఫున మళ్ళీ బంతి పట్టేనాటికి శ్రీశాంత్‌కు 37 ఏళ్ళు. ఫాస్ట్ బౌలర్‌కు అది ముగింపు వయస్సు. మరుసటి ఏడాదే ఆయన విరమించుకున్నారు.

పేరున్నవారికి సుప్రీం కోర్టు దాకా వెళ్ళే స్తోమత ఉంటుంది. రాష్ట్ర స్థాయి పోటీల్లో నాలుగు డబ్బులు సంపాదించుకునే కుర్రవాడు ఆరోపణలో చిక్కుకుంటే ఆరేడేళ్ళు వకీళ్ళను పోషించగలడా? చవాన్ నిషేధాన్నీ ఏడేళ్ళకు తగ్గించారు; అది 2020 సెప్టెంబరుతోనే ముగిసిందని ఆయనకు తెలిపింది 2021లో!

పొరుగు దేశాలదీ ఇదే బాట. పాకిస్తాన్ మాజీ కెప్టెన్ సలీం మాలిక్‌పై 2000లో విధించిన జీవితకాల నిషేధాన్ని 2008లో లాహోర్ కోర్టు తొలగించింది. అప్పటికి ఆయన ఆడే వయస్సు దాటిపోయింది. మహమ్మద్ ఆమిర్ కథ మరో రకం. 2010లో లార్డ్స్‌లో కావాలని నోబాల్స్ వేసినప్పుడు ఆయనకు 18 ఏళ్ళు. అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆరు నెలల్లోపే ఐదేళ్ళ నిషేధం విధించింది. ఇంగ్లాండు కోర్టు జైలుకు పంపింది. శిక్ష కఠినమే అయినా సత్వరం తేలినందువల్ల 23 ఏళ్ళ వయస్సులో తిరిగి దేశానికి ఆడగలిగారు. శ్రీలంక 2019 నవంబరులో ఫిక్సింగ్‌ను నేరంగా పరిగణిస్తూ పదేళ్ళ వరకు జైలుశిక్ష విధించే చట్టం తెచ్చింది. ఫిక్సింగ్‌ను నేరం చేయాలని, బెట్టింగ్‌ను చట్టబద్ధం చేయాలని మన లోధా కమిటీ 2016లోనే సిఫారసు చేసింది గాని పార్లమెంటు రెండింటిలో దేనినీ చేపట్టలేదు.

పైగా పార్లమెంటు వేరే దారి పట్టింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. భారత జట్టు చొక్కాలపై తన పేరు ముద్రించుకున్న డ్రీమ్ 11 దరిమిలా స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది. అదే నెలలో ఆమోదం పొందిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా వివాదాల కోసం ప్రత్యేక ట్రిబ్యునల్‌ను నిర్దేశించింది. దాని తీర్పుపై అప్పీలు సుప్రీం కోర్టుకే. సివిల్ కోర్టులో మూడేళ్ళు, హైకోర్టులో తొమ్మిదేళ్ళు గడిపే మెట్లు దీనితో తగ్గుతాయి. ఒక క్రికెట్ సీజను మొదలై ముగిసేలోగా ఆటగాని అర్హతను ట్రిబ్యునల్ తేల్చగలదా అన్నదే ఇక చూడవలసింది.