ఇరుగుపొరుగు - ఆరోగ్యము

మనిషికి జబ్బు చేసినప్పుడు మొట్టమొదట సలహా అడుగునది వైద్యుని కాదు. ఇంటిలోని పెద్దవారిని, ఆపై పక్కింటివారిని అడుగును. ఇది జ్వరమా, వట్టి అలసటయా? కషాయము చాలునా, డాక్టరు వద్దకు పోవలయునా? పోయినచో ఏ డాక్టరు మంచివాడు, ఎంత పుచ్చుకొనును? ఈ ప్రశ్నలన్నింటికిని వాడలోనే సమాధానములు దొరకును. కావున ఆరోగ్యమును గూర్చిన అభిప్రాయములు మన సొంతమని మనము తలంచినను, అందులో చాలభాగము మన వీధి మనకు నేర్పినదే.

స్వస్థలమును విడిచివచ్చి, వైద్యబీమా లేక, ఏనాటి కష్టముతో ఆనాడు బ్రతుకు కుటుంబములలో ఈ ప్రభావము మరింత అధికము. ఇందులకు మన షోలాపురమే తగిన ఉదాహరణము. పందొమ్మిదవ శతాబ్దము మొదలు తెలంగాణ ప్రాంతమునుండి పద్మశాలి కుటుంబములు అనేకము ఇచ్చటికి వలసవచ్చి, పట్టణపు తూర్పు భాగమున స్థిరపడినవి. పురుషులు మరమగ్గముల మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేయుచుండగా, స్త్రీలు పలువురు ఇంటివద్దనే బీడీలు చుట్టి సంసారమునకు చేయూత నిచ్చుచు వచ్చిరి.

మగ్గముల కొట్టులో నూలు దుమ్ము, ఇంటిలో పొగాకు దుమ్ము. ఈ రెంటి నడుమ పెరిగినవారికి దగ్గు క్రొత్త కాదు. అందరును దగ్గు వీధిలో దగ్గు జబ్బుగా కనబడదు. "పొగాకు ఘాటు" అని ఒకరు, "మగ్గముల పని చేసిన దగ్గు రాక మానునా" అని మరియొకరు సరిపెట్టుదురు. ఆ మాటలు అబద్ధములు కావు. కాని దుమ్ము వలన వచ్చు దగ్గును, క్షయ వలన వచ్చు దగ్గును చెవితో విని వేరుచేయుట ఎవరి తరమును కాదు. ఈ సరిపెట్టుకొనుటలోనే రోగము ముదిరిపోవును.

దీనిని చూచి "జనులకు తెలివిలేదు" అని కొందరు నిందింతురు. మేము అట్లు తలంపము. వాడలోని ప్రతి అలవాటు వెనుకను ఒక కారణము కలదు. 1948లో కార్మిక రాజ్య బీమా చట్టము వచ్చినను, కొద్దిమంది పనివారితో నడచు మగ్గపు కొట్లు దానికి వెలుపలనే నిలిచినవి. 1976లో బీడీ కార్మికులకు సంక్షేమ నిధి చట్టము ఏర్పడినను, గుర్తింపు కార్డు లేనివారికి ఆ మేలు అందుట కష్టమయ్యెను. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము అర్హతగల కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స నిచ్చును. అది గొప్ప మేలే. అయితే అది ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారికి ఉద్దేశింపబడినది. దగ్గుకో జ్వరమునకో పోయి చూపించుకొని మందు కొనుటకు అది అక్కరకు రాదు.

ఇక పనిని బట్టి కూలి దొరకువారికి పగటిపూట పెద్దాసుపత్రి వరుసలో నిలుచుట యనగా ఆనాటి కూలిని వదలుకొనుటయే. అందుచే సాయంకాలము తలుపు తెరచు వీధి డాక్టరే వారికి ఆప్తుడు. ఆయన ఒక సూది వేయును; మరునాడు పనిలోనికి పోవచ్చును. కొందరికి గుణము కనబడును. అంతట "సూది వేయించుకొననిదే జ్వరము దిగదు" అను నమ్మకము వీధి అంతటను పాకును. ఆ విధముగా ఒకరి అనుభవము పదిమందికి శాస్త్రమగును.

భాష మరియొక అడ్డుగోడ. "ఒళ్లు వేడిచేసినది", "పైత్యము చేసినది", "కాళ్లు గుంజుచున్నవి" అని మన అమ్మలు చెప్పు మాటలు మరాఠీ వైద్యునికి అర్థము కావు. ఆయన వేసిన ప్రశ్న వారికి అర్థము కాదు. ఇట్లు ఒకసారి చిన్నబోయి వచ్చినవారు మరల పోరు. పోవలదని ఇతరులకును చెప్పుదురు.

అయినను వాడను కేవలము దోషిగా చూపుట న్యాయము కాదు. బాలింతకు పథ్యము వండి పెట్టునది పక్కింటి అత్తమ్మయే. ఆసుపత్రిలో రాత్రి తోడుండునది, చేబదులు ఇచ్చునది ఇరుగుపొరుగువారే. ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మమునకు వేపమండలు కట్టు ఆచారము వలన పరులు లోనికి రాకుండుటయు, రోగము వ్యాపింపకుండుటయు కొంతవరకు జరుగుచుండెను. మంచియు చెడుయు వాడ ఒక్క దారినే పంచిపెట్టును.

వాడ మారినచో ఆరోగ్యము మారునా యని అమెరికాలో పరీక్షించి చూచిరి. 1994లో ప్రారంభమైన ఒక ప్రభుత్వ కార్యక్రమములో, ఐదు మహానగరములందు మిక్కిలి పేదవాడలలోని ప్రభుత్వ గృహములలో నివసించు కుటుంబములకు చీట్లు తీసి, కొందరికి పేదరికము తక్కువగా నున్న వాడలకు మారుటకు అద్దె సహాయము నిచ్చిరి. 2011లో వెలువడిన ఫలితములను బట్టి, ఆ అవకాశము పొందిన స్త్రీలలో మధుమేహమును, మితిమీరిన స్థూలకాయమును కొంత తక్కువగా కనబడెను.

అందరును వాడ మారలేరు. కాని వాడలోని మాటను మార్చుకొనవచ్చును. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో, అది దుమ్మువలన వచ్చినదని ఎవరు చెప్పినను, కఫము పరీక్ష చేయించుకొనవలయును. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయకు పరీక్షయు మందులును ఉచితము. పోషణకై రోగికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసిరి. సామాన్యముగా ఆరు నెలలు మందు వాడవలసియుండును. కొన్ని వారములకే దగ్గు తగ్గి, ఒంటికి బలము వచ్చును. అప్పుడే పలువురు మందు మానుదురు. అట్లు మానినచో రోగము తిరుగబెట్టి, మొదటి మందులకు లొంగకపోవు ప్రమాదము కలదు. పక్కింటివారికి తెలియునేమో యను సిగ్గుతో మందు దాచుకొని మ్రింగువారును కలరు. ఆ సిగ్గును పుట్టించునది వాడయే, తొలగింపగలదియు వాడయే.

విద్యార్థులారా! మీలో ప్రతి ఒక్కరికి తెలుగును, మరాఠీయు వచ్చును. నానమ్మకు తోడుగా ఆసుపత్రికి పోవునది తరచుగా మీరే. ఆమె చెప్పినది చెప్పినట్లు వైద్యునికి తెలుపుడు. "ఏమియు లేదు, కొంచెము దగ్గు" అని కుదింపకుడు. ఎన్నాళ్లనుండి, ఏ వేళ, కఫములో రక్తము కలదా అని అడిగి చెప్పుడు. వైద్యుడు చెప్పిన మందు వేళలను తెలుగులో వ్రాసి గోడకు అంటింపుడు. తల్లిదండ్రులారా! మీ ఇంటిలో మందు పూర్తిచేసి కోలుకొన్నవారుండినచో ఆ సంగతిని దాచకుడు. వేయి ప్రకటనలకన్న పక్కింటివారి నోటిమాటయే వీధి నమ్మును.