తీసిన చేయి, తీర్పరి కన్ను

ఛాయాచిత్రం తీయడం ఒక విద్య. తీసినదాన్ని నిష్పాక్షికంగా చూడగలగడం మరొక విద్య. రెండోదానికి కాలం తోడ్పడాలి.

తన చిత్రంలో ఛాయాగ్రాహకుడికి కాగితం మీద లేనివి కూడా కనిపిస్తాయి: ఆనాటి ఎండ, పడిన శ్రమ, పొందిన ఆనందం. చూసేవారికి అవేవీ అందవు. ఈ సంగతి గ్రహించిన అమెరికన్ ఛాయాగ్రాహకుడు గ్యారీ వినోగ్రాండ్, తీసిన ఫిల్మును ఏడాదికి పైగా కడగకుండా ఉంచేవారు. ఆ క్షణపు ఉద్వేగం మరుగున పడ్డాకే చిత్రంలోని మంచిచెడ్డలు తేలతాయని ఆయన నమ్మకం.

అయితే నిరీక్షణకూ హద్దుండాలి. 1984లో ఆయన మరణించేనాటికి సుమారు 2,500 రీళ్లు కడగకుండానే మిగిలాయి. వాటిని ఎంచే పని పరుల పాలైంది.

రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56 సంవత్సరాల్లో అమెరికా అంతటా తిరిగి 27,000కు పైగా చిత్రాలు తీశారు. వాటిలో సుమారు వెయ్యింటిని ముద్రించి, గోడలకు తగిలించి, నేలపై పరచి, ఏరుతూ పోయారు. 1958లో పారిస్‌లో వెలువడి, ఆంగ్లంలో 'ది అమెరికన్స్'గా ప్రసిద్ధికెక్కిన గ్రంథంలో చివరికి నిలిచినవి 83.

నిరుడు తీసిన చిత్రాలను నేడు బయటికి తీయండి. ఎవరో తీసినవన్నట్లు చూడండి. పక్కన పెట్టినవాటిలో పదేపదే ఎదురయ్యే లోపమేదో గుర్తిస్తే, రేపు నేర్వవలసిన పాఠం అదే.