పందెపు జత గాటికి చేరేదాకా గుండె దడే

కోదాడ: పందెపు గిత్తల బేరం కుదరడం ఒక ఎత్తయితే, వాటిని కాలు బెణక్కుండా ఇంటికి చేర్చడం మరో ఎత్తు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల్లో బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపే రైతులందరికీ ఇది ఎరుకే. మహాశివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరలో ఒంగోలు జాతి ఎడ్ల పోటీలు జరుగుతాయి. ఆ బరిలో తమ జతను నిలపాలని ఒంగోలు, గుంటూరు వైపు వెళ్లి లక్షలు పోసి గిత్తలను తెచ్చుకునేవారు వున్నారు.

1967లో సాగర్ ఎడమ కాల్వకు నీరు వదిలిన తర్వాత ఈ ప్రాంతం వరికి పేరు తెచ్చుకున్నది. దున్నడానికీ, దమ్ము చేయడానికీ మొదట్లో ఎడ్లే ఆధారం. ట్రాక్టర్లు వచ్చాక సేద్యపు ఎడ్లు కొట్టాల్లోంచి మాయమయినవి. మిగిలింది ముచ్చటకు మేపే ఎడ్లే. వీటికి పొలం పని లేదు కాని ఖర్చు మాత్రం రెట్టింపు!

వెనక కొన్న ఎడ్లను నడిపించి తోలుకొచ్చేవారు. కాళ్లకు నాడాలు కొట్టించి, పొద్దెక్కితే చెట్టు కింద ఆపి, రోజుల తరబడి నడిచేవారు. ఆలస్యమైనా దారి పొడవునా పశువు మనిషికి మాలిమి అయ్యేది. ఇప్పుడు డి.సి.ఎం. వ్యాన్లో ఒక్క రాత్రిలో వచ్చేస్తున్నవి. ఒంగోలు నుంచి మేదరమెట్ల, అద్దంకి, పిడుగురాళ్ల మీదుగా వాడపల్లి వద్ద కృష్ణ దాటితే మిర్యాలగూడకు దాదాపు 200 కిలోమీటర్లు. కోదాడ, సూర్యాపేట వారిలో కొందరు విజయవాడ మీదుగా హైవే పట్టుకుంటారు.

అసలు చిక్కంతా బండి ఎక్కించేటప్పుడే. ఎత్తయిన గట్టుకు బండిని ఆనించి ఎక్కించడం మేలు. కర్రతో అదిలించి తోస్తే గిత్త బెదిరి పలకల సందున కాలు ఇరికించుకుంటుంది. మోకాలికి దెబ్బ తగిలితే పందెపు ఎద్దు విలువ సగానికి పడిపోతుంది. మందు వేసి మాన్పినా బండ బరువు పడగానే ఆ కాలు వెనక్కి తీస్తుంది. అందుకే అనుభవజ్ఞులు నేల మీద ఇసుక పోసి, పైన వరిగడ్డి పరచి, పక్క పలకలకు గోనెసంచులు కడతారు. ముకుతాడును బండికి బిగించి కట్టడం పెద్ద పొరపాటు. డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తే ముక్కు చీలుతుంది. మెడ పలుపుతో, తల ఆడేంత వదులుగా కట్టాలి.

1978 నాటి పశు రవాణా నిబంధనలు కూడా ఇంచుమించు ఇవే చెబుతున్నవి. ఒక బండిలో ఆరు పశువులకు మించరాదు. జారకుండా నేలపై కొబ్బరిపీచు చాపగాని, చెక్కగాని వుండాలి. పశువులతోపాటు వేరే సరుకు ఎక్కించరాదు. వెంట ఒక మనిషి వుండాలి. వీలయినంతవరకు పశువు ముఖం ఇంజను వైపు వుండాలి. ప్రయాణానికి తగినదనీ, అంటువ్యాధి లేదనీ పశువైద్యుని సర్టిఫికెట్ తప్పనిసరి. 2014లో రాష్ట్రం రెండయ్యాక కృష్ణకు ఇటూ అటూ సరిహద్దే. పశువుల అక్రమ రవాణాపై నిఘా వున్నందున కాగితాలు లేని బండి దారిలో ఆగిపోతే, అర్ధరాత్రి నిలబడి నీరసించేది గిత్తలే. కొనుగోలు రసీదు, సర్టిఫికెట్, చెవికి 12 అంకెల బిళ్ల చూసుకున్నాకే బయలుదేరాలి.

ఇంటికి రాగానే ఊరంతా చూడ్డానికి వస్తుంది. హారతి ఇవ్వడం, ఫొటోలు దిగడం, ఉలవలు పెట్టడం అన్నీ ఆ క్షణాన్నే! ఈ ఉలవలతోనే ప్రమాదం. పశువు కడుపులోని సూక్ష్మజీవులు పాత మేతకు అలవాటు పడి వుంటవి. ఒక్కసారిగా కొత్త దాణా మెక్కిస్తే అజీర్తి, ఉబ్బరం వస్తాయి. మొదటి రోజు ఎండుగడ్డి, నీళ్లు చాలు. అమ్మిన రైతు వాడే దాణాను ఒకటి రెండు బస్తాలు వెంట తెచ్చుకుని, క్రమంగా మార్చుకునేవారు తెలివిగలవారు. ప్రయాణ బడలికలో గొంతువాపు వంటి జబ్బులు విజృంభిస్తాయి. 2022లో దేశాన్ని వణికించిన ముద్దచర్మ వ్యాధిని రైతులు మరిచిపోలేదు. కనుక కొత్త జతను కొన్నాళ్లు పాత పశువులకు దూరంగా కట్టేయాలి.

ఈ దూరంగా వుంచే పద్ధతి విదేశాల్లో మరీ గట్టిగా పాటించారు. ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు మోసిన గిత్త 1960 దశకం ఆరంభంలో సముద్రం దాటి బ్రెజిల్ చేరింది. ఆ కాలంలో మన దేశం నుంచి వెళ్లిన పశువులను అక్కడి ప్రధాన భూభాగంలోకి రానీయకముందు ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో ఆపి పరీక్షించారు. మన గిత్తల సంతతి అక్కడ ‘నెలోర్’ పేరుతో లక్షల మందలుగా పెరిగింది.

జతలో ఎలపట, దాపట ఎడ్లను వేర్వేరు ఊళ్లలో కొన్నవారికి మరో పని మిగిలి వుంటుంది. రెండింటినీ పక్కపక్కన కట్టి, పొద్దున సాయంత్రం కలిపి నడిపించాలి. అడుగు కలిశాకే కాడి, ఆ తర్వాతే బండ. శివరాత్రికి పట్టుమని నెల కూడా లేకుండా కొని తెచ్చి, ఆ ఏడే బరిలో దింపాలని తొందరపడేవారి జతలు సగం దూరంలోనే చతికిలపడటం ప్రేక్షకులు చూస్తూనే వున్నారు.