వార్తల్లో పదం: నికర జలాలు

సగటున నాలుగేళ్లలో కనీసం మూడేళ్లు నదిలో దొరుకుతుందని లెక్కతేలిన నీటి పరిమాణమే నికర జలాలు. ఇంజినీర్లు దీన్ని 75 శాతం లభ్యత అంటారు. ఏటా పారిన నీటిని టీఎంసీల్లో లెక్కగట్టి, ఆ అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పేరుస్తారు. నాలుగింట మూడు వంతుల ఏళ్లలో అందిన అంకె దగ్గర గీత గీస్తారు. ఆపైన వచ్చేవి మిగులు జలాలు.

కృష్ణా నదిలో 78 ఏళ్ల ప్రవాహాలు చూసి బచావత్ ట్రైబ్యునల్ ఆ గీతను 2,060 టీఎంసీల వద్ద గీసింది. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీటితో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811, కర్ణాటకకు 734, మహారాష్ట్రకు 585 టీఎంసీలు దక్కాయి. మిగులును వాడుకునే వెసులుబాటు దిగువ రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌కు ట్రైబ్యునల్ ఇచ్చింది, హక్కుగా మాత్రం కాదు. 2010లో బ్రిజేశ్‌కుమార్ ట్రైబ్యునల్ 65 శాతం లభ్యతనూ లెక్కలోకి తీసుకుంది. శాతం తగ్గేకొద్దీ పంచే నీరు పెరుగుతుంది, ఆ నీరు రాని ఏళ్లూ పెరుగుతాయి.

వెలిగొండ, హంద్రీ-నీవా, కల్వకుర్తి, నెట్టెంపాడు పథకాలను మిగులు జలాల మీదే తలపెట్టారు. వాటి ఆయకట్టు రైతుకు ఈ తేడా చాలా పెద్దది: నికర జలాలకు కేటాయింపు ఉంటుంది, మిగులుకు వరద రావాలి. 811 టీఎంసీలను రెండు తెలుగు రాష్ట్రాలకు పంచే పనిని కేంద్రం 2023లో బ్రిజేశ్‌కుమార్ ట్రైబ్యునల్‌కే అప్పగించింది.